తోక కింద తెల్ల గీతలు

పిట్టను చూడకుండా పిట్ట పేరు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఈ మాట మొదట్లోనే చెప్పేస్తున్నాను. పెద్దావిడ కదా, ఏదో నెమ్మదిగా పాత కబుర్లు చెబుతుందిలే అనుకుని ఎవరూ కూర్చోవద్దు. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పాను. జవాబు సరిగ్గా ఉన్నా లెక్క చేసిన దారి చూపించకపోతే సున్నా వేసేదాన్ని. ఇప్పుడు దారి ఎవరూ అడగడం లేదు. ఫోన్ జవాబు చెబుతుంది, అందరూ తలూపుతారు.

పోయిన నెలలో ప్రసాద్ ఒక కాగితాల కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ప్రసాద్ నూజివీడులో పళ్ళ డాక్టరు. ఒకప్పుడు నా దగ్గర తొమ్మిది, పది తరగతులు చదివాడు. జుట్టు సగం నెరిసినా నా ఎదురుగా కుర్చీ అంచునే కూర్చుంటాడు. ఆదివారాలు మూరెడు కెమెరా భుజాన వేసుకుని తోటల్లోనూ, వాటి వెనక గుట్టల్లోనూ తిరుగుతాడు. తను తీసిన ఫోటోలతో బడిపిల్లల కోసం ఒక చిన్న పుస్తకం వేస్తున్నాడట, మన వైపు పిట్టల మీద. తెలుగు తప్పులుంటే దిద్దిపెట్టమని తెచ్చాడు. నేను తప్పులు దిద్దే ముందు లెక్క పెడతాను. విషయసూచికలో యాభై ఎనిమిది పిట్టలని ఉంది. లోపల లెక్కపెడితే యాభై ఏడే. పన్నెండో పేజీలో ఉన్న పసులపోలిగాడు నలభై ఒకటో పేజీలో మళ్ళీ ఉన్నాడు.

"ఇదేంటి ప్రసాద్, పోలిగాణ్ణి రెండుసార్లు వేశావ్?"

"ఒకటి తోటలో తీసిందండీ, రెండోది గుట్ట మీద అడవిలో. అది బాగా వచ్చింది మేడం, వదలబుద్ధి కాలేదు."

నేను భూతద్దం తీశాను. పన్నెండో పేజీలో ఉన్నది పోలిగాడే, సందేహం లేదు. గేదె వీపు మీద దర్జాగా కూర్చున్నాడు. నలభై ఒకటో పేజీలో పిట్ట కూడా నలుపే, దాని తోకా కత్తెరలాగే చీలింది. కానీ ఫోటో కింద నుంచి తీసింది. కొమ్మ, ఆకుల నీడ, ఆ నీడలోంచి కనిపిస్తున్న తోక అడుగు. అక్కడ సన్నటి తెల్ల గీతలు, అడ్డంగా. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదోది ఆకు చాటుకి పోయింది. భూతద్దం ఇంకాస్త దించి మళ్ళీ లెక్కపెట్టాను.

"ఇది పోలిగాడు కాదు. తోక కింద చూశావా?"

"యాప్‌లో పెట్టానండీ, పోలిగాడనే చెప్పింది. మా పిట్టల గ్రూపులో కూడా పెట్టాను. నాతో కలిపి నలభై మందిమి ఉన్నాం. ఒక్కళ్ళు కూడా కాదనలేదు."

"నలభై మందీ ఫోటో చూశారా, బొటనవేళ్ళు ఎత్తి ఊరుకున్నారా?"

ప్రసాద్ కాగితాల అంచులు సర్దాడు. పదో తరగతిలో సంవర్గమానాల దగ్గర కూడా ఇలాగే కాగితాలు సర్దుతూ కూర్చునేవాడు.

అడవి పిట్టని ఫోటోలో గుర్తుపట్టడం తేలికని నేను అనడం లేదు. పొలం గట్టున కూర్చునే పిట్ట ఒంటి నిండా వెలుగు పోసుకుని కూర్చుంటుంది. అడవి పిట్ట అలా కాదు. సగం ఆకు, సగం నీడ, మిగిలిన కాస్తలో పిట్ట. ఆకుల్లోంచి దిగిన వెలుగు పడితే గోధుమరంగు పచ్చగా కనిపిస్తుంది, బూడిదరంగు నీలంగా కనిపిస్తుంది. అందుకే మా అత్తయ్య రంగుని చివర అడగమనేది. ముందు కాలివేళ్ళు ఎటు తిరిగి ఉన్నాయో చూడు, ముక్కు చూడు, తోక అడుగు చూడు, ఎలా కూర్చుందో చూడు. ఇవన్నీ అయ్యాక, ఇంకా ఓపిక ఉంటే, అప్పుడు రంగు. "పైనుంచి చూస్తే అందరూ పెద్దమనుషులే అమ్మాయ్. కింద నుంచి చూడు," అనేది.

అత్తయ్యంటే మా నాన్న అక్క, సువార్తమ్మ. ఊళ్ళో అందరికీ టీచరమ్మ. రెడ్డిగూడెం అవతల పల్లెలో ఎలిమెంటరీ బళ్ళో చెప్పేది, మాతోనే ఉండేది. మా నాన్న మామిడితోటలు గుత్తకి పట్టేవాడు. పూత దశలో కాపు అంచనా వేసి రైతుతో బేరం కుదుర్చుకుంటే, ఆఖరి కాయ బండెక్కేదాకా ఆ తోట బాధ్యత మాది. మా ఇల్లు ఒక తోట అంచునే ఉండేది. మంచాల కింద వరిగడ్డి పరిచి చిన్నరసాలు మాగేసేవాళ్ళం. వేసవంతా మేము ఆ వాసన మీదే పడుకునేవాళ్ళం. మొదట గడ్డి వాసన, నాలుగో రోజుకి తీపి వాసన, ఆరో రోజుకి కాస్త పులుపు కలిసిన వాసన. ఏ మంచం కింద పళ్ళు ఇవాళ తియ్యాలో అమ్మ వంగి చూసేది కాదు, గుమ్మంలో నిలబడి గాలి పీల్చి చెప్పేది. వాకిట్లో ఈతచాపల మీద తాండ్ర ఎండేది. అత్తయ్య వేపమండతో దాని మీద ఈగలు తోలుతూ, రెండో చేత్తో పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుకునేది.

దిద్దడంలో ఆవిడకో పద్ధతి ఉంది. తప్పుని చెరపనిచ్చేది కాదు. రబ్బరు పెట్టి రుద్దిన కాగితం కనిపిస్తే మార్కులు తగ్గించేది. తప్పు మీద ఒక్క గీత కొట్టాలి, కింద ఏం రాశామో కనబడేలా. పక్కన సరైనది రాయాలి. "చెరిపేస్తే నువ్వు ఎక్కడ తప్పావో నీకే తెలీదు," అనేది. ఈ పద్ధతి నేను కూడా ముప్పై నాలుగేళ్ళు నడిపాను. ఎక్కడ నేర్చుకున్నానో మాత్రం నా పిల్లలకి చెప్పలేదు. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

తలుపు పక్కన మేకుకి చర్చి వాళ్ళిచ్చే క్యాలెండరు ఉండేది. తొలకరి పడ్డ రోజున అత్తయ్య అందులో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టేది. ఆ మర్నాటి నుంచి ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేస్తూ పోయేది. తొమ్మిదో రోజో, పదమూడో రోజో పొద్దున ప్రార్థన ముగుస్తుండగా తోట వెనక గుట్ట నుంచి ఒక ఈల వినబడేది. కింది మెట్టు మీద మొదలై ఒక్కో మెట్టూ ఎక్కుతూ పోయే ఈల. ఐదు మెట్లు, ఆరు మెట్లు, అంతే. అటక చేరకుండానే ఆగిపోయేది. మళ్ళీ కింది మెట్టు నుంచి మొదలు. అత్తయ్య ఆమెన్ అనగానే లేచి, క్యాలెండరులో ఆ రోజు మీద చిన్న మెట్లు గీసేది. ఆ పిట్టకి మెట్లపిట్ట అని పేరు పెట్టింది ఆవిడే. ఊళ్ళో దానికి వేరే పేరు లేదు. ఉండే అవకాశం కూడా లేదు, ఎందుకంటే ఊళ్ళో అందరి లెక్కలో అది పోలిగాడే.

దీనికి కారణం తోట కాపలా. మామిడితోటలో కాకిని కొడతారు, చిలకని కొడతారు. పోలిగాణ్ణి మాత్రం కొట్టరు. కాకులనీ గద్దలనీ తరిమేది వాడే కాబట్టి తోటకి వాడు జీతం లేని కాపలావాడు. నల్ల ఒళ్ళు, కత్తెర తోక కనిపిస్తే చాలు, వడిసెల దించేసేవాళ్ళు. ఆ పైన ఎవరూ పరీక్షగా చూడరు. వానలకి గుట్ట మీద ఈల వేసే నల్లపిట్టని చూసి మా నాన్న కూడా, "పోలిగాడేనే అక్కా, వానకి పాట మార్చాడు," అనేవాడు. అత్తయ్య నవ్వేది. "పోలీసు చొక్కా తొడుక్కున్నవాడల్లా పోలీసు కాడురా. అది గుడ్లు కూడా వేరే పిట్ట గూట్లో పెట్టే రకం," అనేది. వాన వెలిశాక నన్ను వెంటబెట్టుకుని గుట్ట ఎక్కేది. తడినేల మీద గోనెసంచి పరిచి ఇద్దరం వెల్లకిలా పడుకునేవాళ్ళం. అక్కడ, ఆకుల సందుల్లోంచి, ఆ తోక అడుగున తెల్ల గీతలు నా కళ్ళతో నేను చూశాను. ఒకసారి కాదు, కనీసం నాలుగుసార్లు.

నాకు పదకొండేళ్ళప్పుడు పట్నం కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే ఒకాయన మా తోటకి వచ్చాడు. పేరు నాకు గుర్తుంది, రాయను. పిట్టల మీద పుస్తకం రాస్తున్నాడని, మూడు వారాలు తోటలో మోటారు షెడ్డులో ఉండేందుకు నాన్న ఒప్పుకున్నాడు. మా ఇంట్లోనే భోజనం. కొత్త ఆవకాయ, గడ్డపెరుగు, చివర రెండు రసాలు. మా అత్తయ్య ఆయన్ని గుట్ట మీదికి తీసుకెళ్ళింది, ఏ చెట్టు మీద ఏ పిట్ట ఏ వేళకి వస్తుందో చూపించింది. ఆయన ఫోటోలు తీసుకుని పట్నం వెళ్ళి కడిగించుకుని వచ్చాడు. ఒక సాయంత్రం వాటిని మా వాకిట్లో నులకమంచం మీద పేర్చాడు. తెలుపు నలుపు ఫోటోలు, ఇరవై మూడు. నాన్న, తోటకాపలా వాళ్ళు, కాయ కోసేవాళ్ళు అందరూ చుట్టూ నిలబడ్డారు. టీచరమ్మ ఒక్కొక్కటే చూసి పేరు చెబుతోంది, ఆయన వెనక సిరాతో రాసుకుంటున్నాడు. ఇరవై రెండు సాఫీగా సాగాయి. ఇరవై మూడోదాన్ని అత్తయ్య చేతిలోకి తీసుకోకముందే ఆయన దాని వెనక పసులపోలిగాడు అని రాసేశాడు.

"అది పోలిగాడు కాదండీ. మెట్లపిట్ట," అంది అత్తయ్య.

"అలాంటి పిట్ట పుస్తకాల్లో లేదమ్మా."

"గుట్ట మీద ఉందండీ. ఈల వేస్తుంది, వానల్లో."

"పోలిగాడు మిగతా పిట్టల కూతల్ని అనుకరిస్తాడు. అది పుస్తకంలో ఉంది. మీరు విన్న ఈల అదే."

"ఈల సంగతి వదిలేయండి. తోక కింద చూడండి ఒకసారి."

ఆయన చూడలేదు. నవ్వి, చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగాడు. వాళ్ళూ నవ్వారు, వాళ్ళకీ అది పోలిగాడే కదా. తర్వాత ఫోటో నా ముందు పెట్టాడు. జేబులోంచి సిరాపెన్ను తీసి పట్టుకున్నాడు. దానికి బంగారు రంగు క్లిప్పు ఉంది.

"పాపా, నువ్వు తెలివైనదానివటగా. చెప్పు, ఇదేం పిట్ట?"

ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పనిది ఇదే. నేను ఫోటో చూడలేదు. ఆయన ముఖం చూశాను, ఆయన ఏ జవాబు కోరుతున్నాడో చూశాను. "పోలిగాడండీ," అన్నాను.

"చూశారా టీచరమ్మగారూ! చిన్నపిల్ల కూడా చెప్పేసింది."

అందరూ పగలబడి నవ్వారు. పెన్ను నా చేతికొచ్చింది. అత్తయ్య లేచింది. లోపలికి వెళ్ళి అన్నానికి ఎసరు పెట్టింది. అప్పటికి తొలకరి పడి పన్నెండు రోజులు. క్యాలెండరులో పన్నెండు దాకా అంకెలున్నాయి, పదమూడు వెయ్యలేదు. మరుసటి ఏడాది తొలకరికి సున్నా చుట్టలేదు. గోనెసంచి పట్టుకుని గుట్ట ఎక్కడం కూడా ఆగిపోయింది. నాకు జడ వేసింది, ఎక్కాలు అప్పజెప్పించుకుంది, జ్వరమొస్తే రాత్రంతా కూర్చుంది. అన్నీ చేసింది. పిట్ట పేరు మాత్రం ఇంకొకటి చెప్పలేదు. ఆ పెన్నుతో నేను పాళీ వంకరపోయేదాకా రాశాను.

ఇక ప్రసాద్ దగ్గరికి వస్తాను. నేను గదమాయించాక అతను ఊరికే కూర్చోలేదు. ల్యాప్‌టాప్ తెరిచి అసలు ఫోటో పెద్దది చేశాడు. తోక దగ్గరికి తెచ్చాడు. పాదం దగ్గరికి తెచ్చాడు. పోలిగాడికి మూడు వేళ్ళు ముందుకి, ఒకటి వెనక్కి. ఇక్కడ కొమ్మని పట్టుకున్నవి ముందు రెండే. అతని ముఖం చెవుల దాకా ఎర్రబడింది.

"తప్పేనండీ మేడం. ఇది కోకిల జాతిది. డ్రాంగో కుకూ అంటారు, డ్రాంగో అంటే పోలిగాడే. పోలిగాడి వేషం వేస్తుంది. నేను యాప్ చూసి వదిలేశాను, ఫోటో చూడలేదు."

నేను శాంతించాను. కానీ రెండు నిమిషాలే. తర్వాత అతను ఎంతో సంబరంగా, "మన వైపు దీన్ని చూసింది ఇదే మొదటిసారండీ! ఇంతవరకూ ఎవరూ రికార్డు చెయ్యలేదు," అన్నాడు. నాకు ఒళ్ళంతా భగ్గుమంది. మొదటిసారా? ఏటేటా క్యాలెండర్ల మీద మెట్లు గీసిన మనిషి ఏమైనట్టు? ఫోటో తీస్తేనే పిట్ట ఉన్నట్టా? గోనెసంచి మీద పడుకుని కళ్ళతో చూసినవాళ్ళు చూడనట్టా?

"కూర్చో, వస్తున్నాను," అని లోపలికి వెళ్ళాను. అత్తయ్య పోయాక ఆవిడ ట్రంకుపెట్టె నాకు వచ్చింది. అందులో ఆవిడ పాటల పుస్తకం, ఆ పుస్తకం మధ్య ఒక కవరు ఉన్నాయని నాకు తెలుసు. మా తోట నుంచి వెళ్ళిపోయిన నెలకి ఆ కాలేజీ ఆయన అత్తయ్యకి కృతజ్ఞతగా ఒక ఫోటో పోస్టులో పంపాడు. కవరు వచ్చిన రోజు నేను వాకిట్లోనే ఉన్నాను. ఏ ఫోటోనో చూడలేదు. ఆ తర్వాత కూడా, పెట్టె నా ఇంటికొచ్చాక ఇన్నేళ్ళలో కూడా, కవరు తెరవలేదు. ప్రతి తేదీ రాసిపెట్టుకునే మనిషిని, ఒక్క కవరు తెరవడానికి భయపడ్డాను.

అది ఇరవై మూడో ఫోటోయే. కింద నుంచి తీసింది, ఎందుకంటే కింద నుంచి తియ్యమని ఆయనకి చెప్పింది అత్తయ్యే. నల్ల ఒళ్ళు, చీలిన తోక, దాని అడుగున తెల్ల గీతలు. భూతద్దం అక్కర్లేదు. ఐదూ కనిపిస్తున్నాయి. మంచం చుట్టూ నిలబడ్డ మాలో ఒక్కరు కళ్ళు పెట్టి చూస్తే సరిపోయేది. వెనక తిప్పాను. పసులపోలిగాడు అని ఆయన సిరా. దాని మీద ఒక్క గీత, కింది అక్షరాలు చక్కగా కనబడేలా. పక్కన పెన్సిలుతో అత్తయ్య గుండ్రటి అక్షరాలు: మెట్లపిట్ట. కింద, తోక 5. తొలకరి తర్వాత 9.

ప్రసాద్ ఆ ఫోటోని చాలాసేపు రెండు చేతులతో పట్టుకుని చూశాడు. తర్వాత ఫోన్ తీశాడు.

"దీన్ని కూడా రికార్డుల్లో ఎక్కిద్దాం మేడం. తేదీ చెప్పండి."

"తొలకరి తర్వాత తొమ్మిదో రోజు."

"అలా కాదండీ, నెల, తారీకు, ఏడాది. అవి లేకపోతే ముందుకి పోదు."

ఏడాది నాకు తెలుసు, నా తరగతిని బట్టి. తొలకరి ఏ తారీకున పడిందో తెలియదు. ఆ క్యాలెండరు ఏ పొయ్యిలోనో కాలిపోయి ఉంటుంది. "సుమారుగా వెయ్యనా అండీ?" అన్నాడు ప్రసాద్. తెలియని తారీకు వెయ్యడం నా చేతిమీదుగా జరగదన్నాను. "పోనీ, ఫోటో తీసినాయన పేరుతో..." అనబోయాడు. నా ముఖం చూసి ఆపేశాడు.

అప్పుడూ ఇప్పుడూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలింది ఇది. అప్పుడు కెమెరా ఉన్న ఒక్క మనిషి కళ్ళున్న ఒక మనిషి నోరు మూయించాడు. ఇప్పుడు కెమెరా అందరికీ ఉంది, కళ్ళు వాడే తీరిక ఎవరికీ లేదు. రోజులు మారాయంటారు. నాకు పెద్దగా మారినట్టు కనపడదు. అప్పుడు ఆయన ముఖం చూసి జవాబు చెప్పాను నేను, ఇప్పుడు ఫోన్ ముఖం చూసి చెబుతున్నారు వీళ్ళు. ఒక్క తేడా ఉంది, అదీ లెక్కలో వెయ్యాలి. తోక కింద చూడమంటే ప్రసాద్ చూశాడు. తప్పేనన్నాడు. ఆ మాట ఆయన అనలేదు. అత్తయ్య బతికున్నన్నాళ్ళూ నేనూ అనలేదు.

నలభై ఒకటో పేజీని ప్రసాద్ ల్యాప్‌టాప్‌లో తెరిచి, పసులపోలిగాడు అన్న పేరుని చెరపబోయాడు.

"చెరపకు," అన్నాను. "గీత కొట్టు. కింద ఏం రాశావో కనబడాలి. పక్కన మెట్లపిట్ట అని వెయ్యి. నీ ఫోటో పక్కన ఈ పాత ఫోటో పెట్టు. ముందువైపు కాదు, వెనకవైపు."

"వెనకవైపా అండీ? పిట్ట కనపడదు కదా?"

"పిట్ట నీ ఫోటోలో ఉంది. కనపడనిది వెనకవైపు ఉంది. కింద రాసుకో, చెబుతాను. ఈ రెండు ఫోటోల్లో పిట్టని పోలిగాడు అన్నవాళ్ళు: మీ గ్రూపు నలభై, ఫోన్ ఒకటి, ప్రొఫెసరు ఒకరు, పదకొండేళ్ళ మేనకోడలు ఒకర్తి. వెరసి నలభై మూడు."

"మీ పేరు ఎందుకండీ మేడం? చిన్నపిల్ల అప్పుడు మీరు."

"చిన్నపిల్లకి కళ్ళు లేవా? రాయి. సరిగ్గా చెప్పినవారు: ఒకరు. సువార్తమ్మ టీచరు, రెడ్డిగూడెం దగ్గర, తొలకరి తర్వాత తొమ్మిదో రోజు."

అతను రాశాడు. రాశాక ప్రింటు తీసి ఇచ్చాడు. నేను మొదటి పేజీ నుంచి మళ్ళీ లెక్కపెట్టాను. యాభై ఎనిమిది.